గోడపక్కన సుజాన్ చోటు

నేను, ఎస్తేర్ దెలాత్, పొగాకు రైతు యాకోబ్ దెలాత్ కూతుర్ని, వయస్సు ఎనభై రెండు, పెళ్ళి కానిదాన్ని, డెన్మార్క్ దేశం ఫ్రెడెరిసియాలో కోటగట్టు వెనక వీధిలో మా తాత కట్టిన ఎర్ర ఇటుకల ఇంట్లో ఉంటున్నదాన్ని. నా తెలివి నా దగ్గర ఉండగానే, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా చేత్తో నేను రాస్తున్న వీలునామా ఇది. తెలివి విషయంలో నా మాటే నమ్మనక్కర్లేదు. డాక్టరమ్మ నా చేత గడియారం బొమ్మ వేయించి, గుర్తున్న జంతువుల పేర్లు చెప్పమంది. చిన్నప్పుడు మా కొట్టంలో ఉన్న ఆవుల పేర్లు ఒక్కొక్కటే మొదలుపెట్టాను. ఏది పొడిచేదో, ఏది తన్నేదో కూడా చెబుతుంటే ఇక చాలు తల్లీ అంది. ఆవిడ ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను.

ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు. ముఖ్యంగా యాభయ్యో ఏట రాసింది. అందులో నా ఆస్తంతా మా సంస్కరణ సంఘానికి, అంటే ఫ్రాన్సు నుంచి వచ్చిన మా ప్రొటెస్టెంట్ల సంఘానికి, రాసిచ్చి, బదులుగా చర్చిలో మా బెంచీ మీద గోడపక్క చోటు ఎల్లకాలం ఖాళీగా ఉంచమని కోరాను. ఇప్పుడు కోరేది దానికి పూర్తిగా ఎదురు.

ఈ వీలునామా అమలు బాధ్యత లాయరు బోదిల్ స్కోవ్‌కి అప్పగిస్తున్నాను. ఆమె చిత్తుప్రతి చదివి సగం కొట్టేయమంది. "ఎస్తేర్ గారూ, వీలునామా అంటే ఆస్తి ఎవరికి పోవాలో చెప్పే కాగితమండీ. కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కే చోటు కాదు" అంది. నా కడుపులో ఉన్నదే నా ఆస్తి. తక్కినది ఒక ఇల్లు, ఆరు కుర్చీలు. కాబట్టి ఒక్క మాట కూడా కొట్టేయలేదు.

1. నన్ను సంఘం శ్మశానంలో అమ్మ పక్కన పూడ్చాలి. మా వాళ్ళకి సిలువలు, బొమ్మలు అలవాటు లేదు, నాకూ వద్దు. ఒక్క కీర్తన చాలు, అదీ అన్ని చరణాలూ పాడక్కర్లేదు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ చిక్కటి కాఫీ పోయాలి. మా తమ్ముడు ఆక్సెల్ సమాధి దగ్గర మాట్లాడకూడదు. అమ్మ పోయినప్పుడు మాట్లాడాడు. "మా అమ్మ ఎంత ఓపిక గల మనిషో" అన్నాడు. ఆ ఓపిక ఆమె నడ్డి విరిచిందని వాడికి అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

సమాధి స్థలం ఇక్కడ కొన్నేళ్ళ అద్దెకే ఇస్తారు, ఆ గడువు తీరాక ఎవరూ మళ్ళీ డబ్బు కట్టవద్దు. రాయి తీసేసి ఆ నేల ఇంకొకరికి ఇచ్చేయనివ్వండి. ఇది విసుగుతో రాసిన మాట కాదు, ఆలోచించే రాశాను.

2. గోడపక్క చోటు సంగతి. కోర్టువాళ్ళకి ఇది తెలిసే అవకాశం లేదు గనక ఇక్కడ చెబుతున్నాను.

మా వంశంలో ఈ దేశానికి వచ్చిన మొదటి ఆడమనిషి పేరు జుడిత్. పుట్టింది ఫ్రాన్సులో, పికార్దీ ప్రాంతంలో. అక్కడి రాజు మా మతాన్ని నిషేధించి, పెద్దవాళ్ళని బలవంతంగా తమ క్యాథలిక్ గుడికి ఈడ్చి, పిల్లల్ని మఠాలకి అప్పగించిన రోజుల్లో ఆమె భర్తతో, ఇద్దరు కొడుకులతో గడ్డిబండిలో దాక్కుని సరిహద్దు దాటింది. మూడో బిడ్డ సుజాన్, తొమ్మిది నెలల పిల్ల. కోరింత దగ్గు. బండి తోలేవాడు ఒప్పుకోలేదు. "బిడ్డ దగ్గిందంటే అందరి మెడలకీ ఉరే. బిడ్డనైనా దింపు, లేదా అందరూ దిగండి" అన్నాడట. జుడిత్ బిడ్డని ఆ ఊళ్ళోనే పాలిచ్చే ఒక ఆవిడ చేతిలో పెట్టింది. "కోతలు అయ్యేలోపు మనిషిని పంపిస్తాను" అని చెప్పి బండెక్కింది.

ఆ తర్వాత జర్మన్ దేశంలో ముప్పై ఏళ్ళకు పైగా పొగాకు పండించింది. భర్త అక్కడే పోయాడు. డెన్మార్క్ రాజు పాడుబడ్డ ఈ కోట పట్నంలో భూములిస్తానంటే, ముసలితనంలో కొడుకుల వెంట ఇక్కడికి వచ్చింది. వెళ్ళిన ప్రతిచోటి నుంచీ మనుషుల్ని పంపింది, సూదులూ దారాలూ అమ్ముకునేవాళ్ళని, సైనికుల్ని, ఎవరు దొరికితే వాళ్ళని. ఒక్కరూ కబురు తేలేదు. మా సంఘానికి చర్చి కట్టి, ఆడవాళ్ళ వైపు మా ఇంటికి మూడో బెంచీ ఇచ్చిన రోజున గోడపక్కన తన శాలువా మడిచి పెట్టి, "ఇది సుజాన్‌ది, వస్తుంది" అందట. అప్పటికి సుజాన్ బతికుంటే యాభై ఏళ్ళ మనిషి.

శాలువా ఎప్పుడో చివికిపోయింది. చోటు మాత్రం ఉంది. మా ఇంట పుట్టిన ఆడపిల్లలు, మా ఇంటికి వచ్చిన కోడళ్ళు, అందరూ ఆ చోటు వదిలే కూర్చున్నారు. ఎంత జనం ఉన్నా, పండగరోజు ముసలివాళ్ళు నిలబడి ఉన్నా సరే. బెంచీ అంతా మా పావడాల రాపిడికి అద్దంలా నున్నబడింది. గోడపక్కన మాత్రం చెక్క ఇంకా గరుగ్గా ఉంది, వడ్రంగి నిన్న చెక్కి వెళ్ళినట్టు. నాకు ఆరేడేళ్ళప్పుడు ఒకసారి గోడకి ఆనుకుని నిద్రపోదామని అక్కడికి జరిగాను. అమ్మ అంతమంది ముందు చెంప పగలగొట్టింది. "సుజాన్ వస్తే ఎక్కడ కూర్చుంటుందే?" అంది. అమ్మ కళ్ళలో నీళ్ళు చూసి నేను ఏడుపు మరిచిపోయాను. అమ్మ వెర్రిది కాదు, సుజాన్ చచ్చి మట్టయిపోయి ఉంటుందని ఆమెకీ తెలుసు. కానీ సుజాన్ బిడ్డలుంటారు, వాళ్ళ బిడ్డలుంటారు, ఏదో ఒక ఆదివారం తలుపు తోసుకుని ఎవరో ఒకరు వస్తారని మా ఇంట్లో ఆడవాళ్ళందరి నమ్మకం. అమ్మ ఆఖరి రోజుల్లో కూడా, నేను చర్చి నుంచి రాగానే, "ఎవరైనా వచ్చారా?" అని అడిగేది.

3. నా వెతుకులాట తాలూకు కాగితాలు, అటక మీద ఉన్న తొమ్మిది పెట్టెలూ పొయ్యిలో వేసేయాలి. పట్నం మ్యూజియం అబ్బాయి అడుగుతాడు, ఇవ్వవద్దు. నలభై ఏళ్ళు నేను రాసిన ఉత్తరాలూ, నాకొచ్చిన జవాబులూ తప్ప వాటిలో ఏమీ లేదు. జవాబులన్నీ ఒకటే: ఆ ప్రాంతంలో యుద్ధాలు చాలా జరిగాయి, అన్నీ కాలిపోయాయి, క్షమించండి.

నాకు దారి చూపింది ఆ పెట్టెలు కాదు. అమ్మ చెప్పిన ఒక్క మాట. సుజాన్ ఉన్న ఊళ్ళో రెండు వాగులు కలుస్తాయి, గుడికి కోటబురుజులు ఉంటాయి. ఆ ప్రాంతంలో గుడికి బురుజులున్న ఊళ్ళు లెక్కలేనన్ని. దోపిడీలకి భయపడి జనం గుళ్ళని కోటల్లా కట్టుకున్నారు. ఆక్సెల్ కూతురు లేయా, నా మేనకోడలు, బస్సు డ్రైవరు. ఆమె ప్రతి వేసవి సెలవులకీ నన్ను కారులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేది. ఒక్కో ఊరూ దిగడం, వాగులు చూడడం, ముసలివాళ్ళని పలకరించడం, మళ్ళీ కారెక్కడం. నాకు ఫ్రెంచి వచ్చింది కీర్తనల పుస్తకం నుంచి. ఒక కసాయి కొట్టు అతను, "అమ్మమ్మా, మీరు నాతో మాట్లాడుతున్నారా, దేవుడితోనా?" అని పగలబడి నవ్వాడు.

డెబ్భై ఆరో ఏట దొరికింది. ఊరి చివర జున్ను అమ్మే ఒక ఇల్లుంది, దాన్ని ఊరంతా 'వదిలేసిన పిల్ల ఇల్లు' అంటారు. ఎందుకలా అంటారని అడిగితే ఆ ఇంటావిడ ఒదీల్ బ్రసార్, నా కంటే నాలుగేళ్ళు చిన్నది, భుజాలెగరేసింది. "ఏమోనమ్మా, ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక పేరుంటుంది. పక్కవాళ్ళది 'గుడ్డి గుర్రం' ఇల్లు" అంది. కాఫీ పెట్టింది. సుజాన్ మనుషులు దొరికారనుకున్నాను. ఈవిడ ముక్కు మా అమ్మ ముక్కులా ఉందని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఇంటి వెనక ఆపిల్ తోట. గడ్డి కోసి శుభ్రంగా ఉంది, కంచె మూల ఒక్కచోట తప్ప. అక్కడ మోకాలెత్తున పెరిగింది. లేయా ఫొటో తీద్దామని అటు అడుగేసింది. ఒదీల్ నవ్వుతూ కేకేసింది. "అమ్మాయ్, అటు పోకు! దగ్గుపాప లేస్తుంది!"

లేయా ఆగిపోయింది. నేను ఏ పాప అని అడిగాను.

"ముసలమ్మల కబుర్లండీ. మా అమ్మమ్మ చెప్పేది, ఆమెకి వాళ్ళమ్మమ్మ. మా ఇంటి ముసలమ్మ ఎవరో ఒకావిడ పాలిచ్చి పెంచుదామని పరాయి బిడ్డని ఉంచుకుందట. తల్లి గడప దాటి వారం తిరగకుండానే దగ్గొచ్చి పోయిందట. పాపది వేరే మతమని గుడి దగ్గర పూడ్చనివ్వలేదట. అందుకని ఇక్కడ పెట్టారు. మేమెవరమూ అక్కడ కొడవలి వేయం. చిన్నప్పుడు బంతి అటు పోతే, 'పాపా, పడుకో పడుకో' అని చెప్పి తెచ్చుకునేవాళ్ళం" అంది.

తల్లి తిరిగి రాలేదా అని లేయా అడిగింది.

"వచ్చుంటే మాకెందుకు తెలియదు?" అంది ఒదీల్. ఆ తర్వాత నా మొహం చూసి నా కుర్చీ దగ్గరికి వచ్చింది. "ఏమ్మా, వంట్లో బాగాలేదా? నీళ్ళు తేనా?"

ఒదీల్ సుజాన్ వంశం కాదు. పాలిచ్చిన ఆవిడ వంశం. సుజాన్‌కి వంశమే లేదు. జుడిత్ ఇంకా సరిహద్దు దాటిందో లేదో, అప్పటికే బిడ్డ ఆపిల్ చెట్ల కింద ఉంది. కోతలు కాదు, ఆ వారం కూడా దాటలేదు. మా ఆడవాళ్ళు ఇన్ని వందల ఏళ్ళు తలుపు వైపు చూసింది ఎవరి కోసం? ఎవరి మీద కోపగించుకోవాలో నాకు తెలియలేదు. జుడిత్ మీదా? ఆ పాలావిడ మీదా? కబురు పంపాలన్నా ఏ దేశానికి పంపుతుంది, పాపం, ఎవరితో పంపుతుంది? చివరికి కాఫీ చల్లారిపోయిందని కోపగించుకున్నాను. ఒదీల్ మళ్ళీ పెట్టింది.

4. పైన చెప్పిన ఒదీల్ బ్రసార్‌కి నా కాఫీ మిల్లు, చేత్తో తిప్పేది, పోస్టులో పంపాలి. ఆ రోజు ఆవిడ మిల్లు మొరాయించి, రెండోసారి కాఫీకి గింజలు రోట్లో దంచింది. నాది మా నాయనమ్మది, ఇంకా బంగారంలా తిరుగుతుంది. ఆ మూల గడ్డి గురించి ఆవిడని ఏమీ అడగనక్కర్లేదు, డబ్బూ పంపవద్దు. మేం చేయలేని పని వాళ్ళు ఏ లెక్కా చూడకుండా చేశారు. దానికి డబ్బిస్తే అవమానించినట్టే.

నా ముదురాకుపచ్చ కోటు డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్లు రాసే అమ్మాయికి. చూసిన ప్రతిసారీ మెచ్చుకునేది, నిజంగానే మెచ్చుకుందో, ఊరికే అందో ఇప్పుడు తేలుతుంది.

5. మా తమ్ముడు ఆక్సెల్‌కి తాత గోడ గడియారం. ఎప్పటినుంచో దాని మీద కన్నుంది. రోజుకి పావుగంట వెనకబడుతుంది, వాడి మనస్తత్వానికి సరిపోతుంది. నాన్న పోగానే, కన్నీళ్ళు కూడా ఆరకముందే, పొగాకు ఆరబెట్టే కొట్టాన్ని టైర్ల కొట్టువాడికి అమ్మేశాడు. అది నేను మరిచిపోలేదు. ఈ గడియారం ఇచ్చానని మరిచిపోయాననుకోవద్దు.

పికార్దీ నుంచి వచ్చి జరిగింది చెబితే వాడు గట్టిగా నవ్వాడు. "అయితే ఇన్నేళ్ళూ ఖాళీ బెంచీకి కాపలా కాశారన్నమాట! జీతమెంతిచ్చారక్కా?" అన్నాడు. చెయ్యి పైకి లేచింది, డెబ్భై దాటినవాడిని ఏం కొడతానని దింపేశాను. కాసేపటికి కిటికీలోంచి చూస్తే పెరట్లో నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు. వాడు మానేసి ఇరవై ఏళ్ళయింది. ఆ ఒక్క సిగరెట్ చూసి వాడి మాట క్షమించాను. కొట్టం సంగతి వేరు.

6. ఈ అంశం కింద ఎవరికీ ఏమీ లేదు. బోదిల్ దీన్ని తీసేయమంది, నేను తీయను.

విల్లాస్ క్రోగ్ రైల్లో టికెట్లు చూసేవాడు. లూథరన్, మా సంఘం వాడు కాదు. నన్ను చేసుకుంటానన్నాడు, రెండుసార్లు అడిగాడు. అప్పట్లో మా సంఘం ఆడపిల్ల బయటివాణ్ణి చేసుకుంటే అతని చర్చికే వెళ్ళాలి, మా బెంచీ వదులుకోవాలి. ఇంట్లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆక్సెల్ అప్పటికే బయటి పిల్లని తెచ్చుకున్నాడు, ఆమె మా చర్చి గడప తొక్కనంది. అమ్మ నన్ను వద్దనలేదు. పిండి కలుపుతూ, తలెత్తకుండా, "నువ్వూ వెళ్తే నా తర్వాత ఆ చోటు ఎవరు చూస్తారే?" అంది, అంతే. విల్లాస్‌కి అదే చెప్పాను. స్టేషన్లో బల్ల మీద కూర్చుని ఉన్నాం. అతను కొంచెంసేపు టోపీ చేతుల్లో తిప్పాడు. "ఎస్తేర్, ఆమె ఏ రైలుకి వస్తుందో చెప్పు. నేనే టికెట్ లేకుండా ఎక్కించుకుని తెస్తాను. తెచ్చాక నన్ను చేసుకుంటావా?" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నేను నవ్వాను కూడా. ఆ తర్వాత అతను మా ఊరి ముందున్న జలసంధికి అవతల ఎవరినో చేసుకున్నాడు, మంచి మనిషట. పదకొండేళ్ళ కిందట పోయాడు.

ఆ తోటలో ఒదీల్ మాటలు వింటున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది సుజాన్ కాదు, జుడిత్ కాదు. విల్లాస్. ఇది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని రాస్తున్నాను. అతనికి ఇవ్వడానికి ఇక ఏమీ లేదు.

7. నా ఇల్లు, అందులో ఉన్న సామాను, బ్యాంకులో ఉన్న క్రోనర్లు మొత్తం సర్వహక్కులతో మా మేనకోడలు లేయాకి చెందాలి. ఆమె ఇల్లు ఏడాది లోపు అమ్మేయాలి. ఇక్కడ కాపురం ఉండకూడదు. చర్చిలో మూడో బెంచీ మీద ఇక ఎప్పుడూ కూర్చోకూడదు. కూర్చుంటే ఇల్లు ఆక్సెల్‌కి పోతుంది, వాడు దానిని ఏం చేస్తాడో ఆమెకి తెలుసు. ఇలాంటి షరతు కోర్టులో నిలవదని బోదిల్ అంటోంది. నిలవకపోతే పోనీ, నా మాటగానైనా ఉండనివ్వండి.

లేయాకి నలభై మూడు. నార్వేలో ఓడ్వార్ అనే అతనున్నాడు, పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. నెమ్మదైన మనిషి. ఒక వేసవిలో వచ్చి అడక్కుండానే మా చూరు కింద కారుతున్న గొట్టం బాగుచేశాడు. వెళ్ళేటప్పుడు నా దగ్గరికొచ్చి, "అత్తగారూ, మీ మేనకోడల్ని నాతో పంపరా?" అన్నాడు. తీసుకుపో నాయనా, చక్కగా తీసుకుపో అన్నాను. లేయా, "వచ్చే వసంతంలో వస్తాను" అంది. ఆ వసంతం వచ్చింది, నాకు కాలు విరిగింది. తర్వాతి వసంతానికి ఇంకేదో. నేను ఇంట్లోంచి తరిమినంత పని చేశాను. "నిన్ను వదిలి ఎలా పోను అత్తా?" అనేది. నేను ఆమె కళ్ళలోకి చూశాను. నా గురించి కాదు ఆ దిగులు, ఆ చోటు గురించి.

పికార్దీ నుంచి తిరిగొస్తూ బెల్జియం దాటాం. ఇక అయిపోయింది, ఈ పిల్లకి విడుదల దొరికింది అని నేను లోపల అనుకుంటున్నాను. అప్పుడు లేయా స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి, "అత్తా, పాపం ఆ పాప అలా పోయిందని తెలిశాక, ఆ చోట్లో ఇంకెవరైనా ఎలా కూర్చోగలరు?" అంది. తెలిస్తే వదిలేస్తుందనుకున్నాను. తెలిశాక ఇంకా గట్టిగా పట్టుకుంది. అంతకు ముందు పండగలకి మాత్రమే చర్చికి వచ్చేది, అప్పటినుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. ఆదివారం డ్యూటీ పడితే వేరేవాళ్ళతో మార్చుకుంటుంది.

మొన్న వసంతం నుంచి ఓడ్వార్ ఫోన్ చేయడం మానేశాడు. ఆ సంగతి లేయా నాకు నల్ల రొట్టె మీద వెన్న రాస్తూ చెప్పింది, బయట చినుకులు పడుతున్నాయని చెప్పినట్టు. "పర్వాలేదత్తా" అంది. ఆ మాట అనే తీరు నాకు తెలుసు. స్టేషన్ నుంచి ఇంటికొచ్చి అమ్మతో నేనూ అలాగే అన్నాను.

అతను ఇంకా ఎవరినీ చేసుకోలేదని విన్నాను. నిజమో కాదో తెలియదు. నిజమైనా ఇంకా ఎన్నాళ్ళు నిజంగా ఉంటుందో తెలియదు.

8. జుడిత్ దెలాత్ మొదలుపెట్టిన ఎదురుచూపును, మా చర్చి మూడో బెంచీ మీద గోడపక్క చోటుతో సహా, ఇందుమూలంగా రద్దు పరుస్తున్నాను. ఎప్పుడైనా ఎవరైనా అక్కడ కూర్చోవచ్చు. టోపీలు పెట్టుకోవచ్చు, గొడుగులు పెట్టుకోవచ్చు. రద్దు చేసే అధికారం మీకెక్కడిదని బోదిల్ అడిగింది. బెంచీ సంఘం ఆస్తి, అందులో ఎవరూ కూర్చోని చోటు ఎవరి ఆస్తీ కాదు అంది. ఆ బెంచీ మీద నాకంటే ఎక్కువ కాలం కూర్చున్న మనిషి మా వంశంలో లేదు. నాకు లేని అధికారం ఇంకెవరికుంది?

ఈ మాట కాగితం మీద రాసేముందు చేసి చూపిద్దామనుకున్నాను. పోయిన ఆదివారం కర్ర ఊతంగా బెంచీలోకి వెళ్ళి, నా చోటు దగ్గర ఆగకుండా గోడవైపుకి ఇంకో అడుగు వేశాను. లేయా నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, అటు కాదు" అంది. మెల్లగా, ప్రేమగా, చిన్నపిల్లకి చెప్పినట్టు. నన్ను నా చోట్లోనే కూర్చోబెట్టి, నా కోటు సర్ది, తను నడవ వైపు కూర్చుంది. నేను కూర్చున్నాను. నాలో లేచే సత్తువ లేదు. కీర్తన పాడుతున్నంతసేపూ ఒకే సంగతి తోచింది, ఇదంతా రాయడానికి అసలు కారణం అదే.

లేయా, బోదిల్ ఇది నీకు చదివి వినిపిస్తుంది. నీ సంగతి నాకు బాగా తెలుసు. షరతులు పెట్టినా, ఇల్లు మీ నాన్నకి పోతుందని బెదిరించినా, నన్ను పూడ్చిన తర్వాతి ఆదివారం నువ్వు అక్కడికే వెళ్తావు. గోడపక్క చోటు వదులుతావు. దాని పక్కన ఇంకో చోటు కూడా వదులుతావు. అప్పుడు బెంచీలో నువ్వొక్కదానివే, ఈ చివర, ఇద్దరి కోసం. నీ తర్వాత ఎవరూ లేరు గనక నువ్వు అసలు లేవవు.

వద్దు తల్లీ. నా చోటు ఉంచకు. నేను రాను.

రెండు వేల పందొమ్మిది, అక్టోబరు పద్నాలుగు, సోమవారం, ఫ్రెడెరిసియాలో మా వంటింటి బల్ల మీద రాసి, సాక్షులిద్దరూ ఒకేసారి ఎదురుగా కూర్చుని చూస్తుండగా సంతకం చేశాను.

(సంతకం) ఎస్తేర్ దెలాత్

పై సంతకం ఎస్తేర్ గారు మా కళ్ళ ముందు, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా చేశారని, ఈ వీలునామా వల్ల మాకు గానీ మా ఇంటివాళ్ళకి గానీ ఏ లాభమూ లేదని ధృవీకరిస్తున్నాం.

సాక్షులు:
1. యోర్న్ బ్రూన్, పక్కింటి నివాసి, బేకరీ నుంచి రిటైరైనవాడు
2. హెల్లె థూరసెన్, ఈ వీధికి ఉత్తరాలు తెచ్చే ఆమె